మా అమ్మ టైపు చేసిన మోకాలు

కివీ హార్బర్, మిషిగన్
18 జనవరి 2009

శ్రీమతి వెర్నా హాపలా గారికి,

నేను మార్లిస్ కొస్కెలా కూతుర్ని, సిల్విని. మీరు నన్ను చివరిసారి చూసేటప్పటికి నాకు ఆరేళ్లుంటాయేమో. అమ్మ డిసెంబరు తొమ్మిదిన పోయింది. ఏడు వారాల జబ్బు. క్రిస్మస్‌కి మీకు కార్డు రాకపోవడానికి కారణం అదే. అమ్మ చిరునామాల పుస్తకంలో మీ పేరు పక్కన "చెవులు పూర్తిగా పోయాయి, ఉత్తరమే" అని ఉంది. అందుకే ఫోను చెయ్యకుండా రాస్తున్నాను.

చర్చిలో ప్రార్థన అయిపోయింది కానీ ఖననం ఇంకా కాలేదు. మా నేల సంగతి మీకు తెలుసుగా, చలికి గడ్డకట్టింది, ఇప్పుడు పార దిగదు. అమ్మ శవపేటిక శ్మశానం పక్కనున్న రాతి గదిలో మరో నలుగురితో పాటు మే నెల కోసం ఎదురుచూస్తోంది. "అప్పుడు కుటుంబంలో ఎవరైనా నాలుగు మాటలు చెప్పాలి" అన్నారు పాస్టరు గారు. కుటుంబం అంటే నేనే. నాన్న నేను పుట్టిన ఏడాదికే అలాస్కా వెళ్లి అక్కడే ఉండిపోయాడు.

నేను మార్కెట్ అనే ఊళ్లో కాలేజీ రెండో ఏడు చదువుతున్నాను, సాహిత్యం. మాటలంటే ఈ మధ్య పిచ్చి పట్టింది. అమ్మ మీద ఐదు పేజీలు గబగబా రాసేశాను కూడా. కానీ చర్చి కింద గదిలో అందరూ కాఫీ తాగుతున్నప్పుడు హిల్మా లహ్తి నా దగ్గరికొచ్చింది. ఆవిడ మీకు గుర్తుండే ఉంటుంది. కప్పు చేత్తో పట్టుకుని, నలుగురూ వినేలా అంది:

"ఏమమ్మా కాలేజీ పిల్లా, మీ అమ్మ టైపు మెషీను నీకే వచ్చిందా? జాగ్రత్తగా వాడు. దాంతో మా అన్న మోకాలు పోయింది."

నాకేమీ అర్థం కాలేదు. ఇంటికొచ్చి పక్కింటివాళ్లని అడిగితే, నాకు తప్ప ఊరందరికీ తెలిసిన సంగతి బయటపడింది. 1991లో అమ్మ ఆసుపత్రి రిపోర్టులో కుడి మోకాలికి బదులు ఎడమ మోకాలు అని టైపు చేసిందట. అది చూసి డాక్టరు, హిల్మా అన్న ఆర్విడ్ లహ్తికి బాగున్న మోకాలు కోశాడట. అమ్మని పనిలోంచి తీసేశారట. నాకు మాత్రం అమ్మ "నిన్ను చూసుకోవడానికే మానేశాను" అని చెప్పేది.

అప్పుడు ఆసుపత్రి టైపు గదికి పెద్ద మీరు. అమ్మకి పని నేర్పింది మీరే. నిజంగా ఆ తప్పు అమ్మదేనా? నాకు మంచి జవాబు అక్కర్లేదు, నిజమైన జవాబు కావాలి. మే నెలలో ఆ గోతి దగ్గర హిల్మా, ఆర్విడ్ ఇద్దరూ నిలబడతారు. వాళ్ల ముందు నేను అమ్మ గురించి మాట్లాడాలి.

ఇట్లు,
సిల్వి కొస్కెలా

*

డులూత్, మినెసోటా
1 ఫిబ్రవరి 2009

సిల్వీ తల్లికి,

నీ ఉత్తరం చదివి రెండు రోజులు కిటికీ దగ్గరే కూర్చున్నాను. మార్లిస్ నాకన్నా ఇరవై ఏడేళ్లు చిన్నది. ఈ వరసేమిటో!

మీ అమ్మ గురించి తెలుసుకోవాలని అడిగావు కాబట్టి చెబుతాను. మా గది ఆసుపత్రి నేలమాళిగలో, బట్టలుతికే గది పక్కన ఉండేది. నలుగురం ఆడవాళ్లం. డాక్టర్లు పేషెంటుని చూసి టేపులో మాట్లాడేవారు. మేం చెవులకి హెడ్‌ఫోను తగిలించుకుని, కాలితో పెడల్ తొక్కుతూ టేపు నడుపుకుంటూ, విన్నది విన్నట్టు టైపు చేసేవాళ్లం. ఇప్పుడు దానికి మెడికల్ ట్రాన్స్‌క్రిప్షన్ అని పెద్ద పేరుందట. మా రోజుల్లో పైఅంతస్తు వాళ్లు మమ్మల్ని "కింద ఆడవాళ్లు" అనేవారు.

ఒక డాక్టరు ఆపిల్ నములుతూ చెప్పేవాడు. ఇంకొకాయన కారు నడుపుతూ చెప్పేవాడు, మధ్యలో అడ్డొచ్చిన ప్రతివాణ్ణీ తిట్టేవాడు. కొత్తగా చేరిన మీ అమ్మ ఆ తిట్లు కూడా పొల్లు పోకుండా టైపు చేసి నాకు తెచ్చిచ్చింది. "ఇదేంటే?" అన్నాను. "విన్నది విన్నట్టు టైపు చెయ్యమన్నారుగా" అంది, ఎంత అమాయకంగానో! ఆ కాగితం నేను చాలాకాలం దాచుకున్నాను.

ఇంకో సంగతి. ఊళ్లో ఎవరికి ఏ జబ్బో అందరికన్నా ముందు మాకే తెలిసేది. ఇంటివాళ్లకన్నా ముందు. కానీ నోరు విప్పకూడదు. మీ అమ్మేం చేసేదో తెలుసా? ఎవరి రిపోర్టులోనైనా చెడ్డ వార్త ఉంటే ఆ సాయంత్రమే మాంసం, దుంపలు పెట్టి పేస్టీలు చేసి, కాల్చకుండా ఫ్రీజరులో పెట్టేది. అప్పుడే తీసుకెళ్తే నీకెలా తెలిసిందంటారు కదా. ఆ కుటుంబం తమంతట తాము ఊళ్లో చెప్పేదాకా ఆగేది. ఎవరైనా వచ్చి "ఫలానా ఆయనకి బాగాలేదట" అంటే, "అయ్యో, అలాగా!" అని అప్పుడు పొయ్యి వెలిగించేది.

మే నెలలో ఇది చెప్పు. అందరికీ నచ్చుతుంది.

ప్రేమతో,
వెర్నా

*

మార్కెట్, మిషిగన్
9 ఫిబ్రవరి 2009

వెర్నా గారికి,

మీ ఉత్తరాన్ని క్లాసులో డెస్కు కింద పెట్టుకుని చదివాను. తిట్లు టైపు చేసిన చోట బయటికే నవ్వేశాను. ప్రొఫెసరు గారు "కొస్కెలా, ఆ నవ్వేదో మాక్కూడా పంచు" అన్నారు.

ఆ "అయ్యో, అలాగా!" నాకు బాగా తెలుసు. చిన్నప్పుడు వెయ్యిసార్లు విన్నాను. మా ఫ్రీజరు నిండా పేరు లేని పేస్టీలు ఉండేవి. "ఇవెవరికమ్మా?" అంటే "ఇంకా తెలీదు" అనేది. అది అబద్ధమని ఇప్పుడు అర్థమైంది. అమ్మ నాతో ఆడిన అబద్ధాలన్నీ ఇలాంటివేనా అనిపిస్తోంది.

మీ దగ్గర లేనివి నేను చెబుతాను. ఆసుపత్రి మానేశాక అమ్మ ఇంట్లోనే పని చేసింది. గ్రీన్ బే ఊరి డాక్టర్ల టేపుల డబ్బా బస్సులో వచ్చేది. వంటింటి బల్ల మీద మెషీను, బల్ల కింద పెడల్. నేను ఆ బల్ల కిందే పెరిగాను. అమ్మ ఎడమ పాదం మీద తలపెట్టుకుని పడుకునేదాన్ని. కుడి కాలు డాక్టర్లది, ఎడమ కాలు నాది. నాకు జ్వరమొచ్చిన రోజున ఒక చెవికే హెడ్‌ఫోను పెట్టుకునేది, రెండో చెవి నా ఊపిరి కోసం. రోజూ భోజనం దగ్గర ఆ రోజు టేపులో దొరికిన కొత్త మాట ఒకటి చెప్పేది. మనిషి పేరు ఎప్పుడూ చెప్పేది కాదు. మోకాలి చిప్పకి డాక్టర్లు వాడే మాటకి అసలు అర్థం "చిన్న పళ్లెం" అని చెప్పింది అమ్మే. నాకు మాటల పిచ్చి ఎక్కడ అంటుకుందో ఇప్పుడు తెలుస్తోంది.

కానీ వెర్నా గారూ, మీరు నాలుగు పేజీలు రాశారు. రెండుసార్లు చదివాను. నేనడిగిన దానికి అందులో ఒక్క వాక్యం లేదు. పక్క వీధిలోంచి వెళ్లిపోయినట్టు వెళ్లిపోయారు. ఆ తప్పు అమ్మదేనా?

మీ
సిల్వి

*

డులూత్
20 ఫిబ్రవరి 2009

సిల్వికి,

పాత సంగతి అది. ఆ డాక్టరు పోయాడు, మీ అమ్మా పోయింది. ఆసుపత్రివాళ్లు ఆ కాగితాలెప్పుడో పారేసి ఉంటారు. తవ్వితే ఎవరికీ మేలు లేదు. మీ అమ్మ మంచి తల్లి, మంచి పనిమంతురాలు. ఊళ్లో ఎవరేమన్నా ఆవిడ పట్టించుకోలేదు, నువ్వూ పట్టించుకోకు.

ఇక్కడ చలి ఎక్కువగా ఉంది. చేతులు సరిగ్గా పనిచెయ్యడం లేదు. అందుకే చిన్న ఉత్తరం.

వెర్నా

*

కివీ హార్బర్
15 మార్చి 2009

వెర్నా గారికి,

సెలవులకి ఇంటికొచ్చాను. మీరు వద్దన్న పనే చేశాను. ఆర్విడ్ లహ్తి ఇంటికి వెళ్లాను.

తలుపు కొట్టేదాకా ధైర్యంగానే ఉన్నాను. తలుపు తీశాక ఒక మెట్టు వెనక్కి దిగాను. ఆయన నన్ను కింద నుంచి పైకి చూసి, "మార్లిస్ పిల్లవి కదూ? బూట్లు విప్పి రా, మంచు లోపలికి తేకు" అన్నాడు. పొయ్యి పక్కన కూర్చోబెట్టి కాఫీ పోశాడు. ఆయన నడుస్తుంటే రెండు వైపులా ఊగుతున్నాడు. నేను చూస్తున్నానని గమనించి, "ముందు ఒక్క కాలే కుంటేది. డాక్టరు రెండూ సమానం చేశాడు. ఇప్పుడు తిన్నగా నడుస్తున్నా" అన్నాడు.

"మీకు మా అమ్మ మీద కోపం లేదా?" అని అడిగాను.

"కోపం మా చెల్లెలి డిపార్టుమెంటు. కాగితం అడుగున మీ అమ్మ పొడి అక్షరాలు చూసి, వాటినే పట్టుకుని వేలాడుతోంది. నాకు మాత్రం మొదట్నుంచీ ఒకటి అంతుపట్టలేదు. ఆసుపత్రిలో రెండు రోజులు విచారణ జరిగింది. నన్నూ కూర్చోబెట్టారు. మొదటి రోజు మీ అమ్మ గట్టిగా చెప్పింది, 'డాక్టరు గారు రిపోర్టు మొదట్లో కుడి అన్నారు, చివర్లో ఎడమ అన్నారు. నేను విన్నట్టే టైపు చేసి, సరిచూడమని పసుపు చీటీ అంటించాను' అని. ఆ డాక్టర్ స్ట్రాండ్, 'చీటీ లేదు, గీటీ లేదు' అన్నాడు. టేపేమో అప్పటికే చెరిపేసి మళ్లీ వాడేశారు. మర్నాడు మీ అమ్మే లేచి, 'చీటీ పెట్టడం మర్చిపోయానేమో' అంది. ఒక్క రోజులో మనిషి అంత ఎందుకు మారింది? పద్దెనిమిదేళ్ల నుంచి అదే అనుకుంటున్నా."

"మీరు అమ్మని అడగలేదా?"

"అడగనా మరి! గురువారం గురువారం వచ్చి నా ఆసుపత్రి కాగితాలన్నీ చదివి, మామూలు మాటల్లో చెప్పేది. నాకవి ఒక్క ముక్క అర్థమయ్యేవి కావు. అలా రెండేళ్లు వచ్చింది. చీటీ సంగతి ఎత్తితే మాత్రం, 'కాఫీ చల్లారిపోతోంది ఆర్విడ్' అనేది."

వెర్నా గారూ, నేను బాగా ఆలోచించాను. టైపు అయిన రిపోర్టులన్నీ డాక్టర్ స్ట్రాండ్ సంతకానికి వెళ్లేముందు ఒకరి బల్ల మీదికి వచ్చేవి. గదికి పెద్ద అయినవారి బల్ల మీదికి. మీరు ఆ చీటీ చూశారా?

సిల్వి

*

డులూత్
29 మార్చి 2009

సిల్వీ,

చూశాను. నేనే పీకేశాను.

కాగితం మీద ఈ ముక్క రాసి చాలాసేపు పెన్ను కింద పెట్టేశాను. మళ్లీ తీసి మిగతాది రాస్తున్నాను. మధ్యలో ఆపితే మళ్లీ రాయలేను.

మా పనిలో ఒక నియమం ఉంది. డాక్టరు తప్పు చెప్పినా మేం దిద్దకూడదు. చెప్పింది చెప్పినట్టే టైపు చేసి, అనుమానం ఉన్నచోట పసుపు చీటీ అంటించి పంపాలి. దిద్దుకోవడం డాక్టరు వంతు. స్ట్రాండ్‌కి ఆ చీటీలంటే మంట. "కింద ఆడవాళ్లు నాకు పాఠాలు చెబుతున్నారా? ఇంకోసారి నా కట్టలో చీటీ కనిపించిందో, మీ అందరినీ మార్పించేస్తాను" అని మా గదిలోకొచ్చి అరిచాడు. అప్పట్నుంచి నేను ఆయన కట్టలోంచి చీటీలు తీసేసి, ఒక్కొక్కటీ నోటితో అడిగేదాన్ని. అది నా తెలివనుకున్నాను. మీ అమ్మ "వెర్నా, అలా చెయ్యకు, ఎప్పుడో ఒకటి జారిపోతుంది" అని రెండుసార్లు చెప్పింది.

ఆర్విడ్ రిపోర్టు వచ్చిన రోజున నా భర్త రూబెన్‌కి ఊపిరితిత్తుల మొదటి పరీక్ష. గనిలో పనిచేసినవాడు, చాలా రోజుల్నుంచి దగ్గు. నేను చీటీలన్నీ పీకి జేబులో వేసుకుని, ఆయన్ని తీసుకెళ్లడానికి పరుగెత్తాను. ఆర్విడ్ చీటీ గురించి అడగడం మర్చిపోయాను. స్ట్రాండ్ చదవకుండానే సంతకం పెట్టాడు. ఆ కాగితం చూసే ఆపరేషను జరిగింది. మరుసటి వారం కోటు ఉతుకుతుంటే చీటీ దొరికింది, మీ అమ్మ చేతిరాతతో సహా. పొయ్యిలో వేశాను.

విచారణ మొదటి రోజున నన్నడిగితే "గుర్తు లేదు, చూసి చెబుతాను" అన్నాను. మర్నాడు ఏం చెప్పాలో నిర్ణయించుకునే వెళ్లాను. చీటీ చూడలేదనే చెబుదామని. నేను లేచేలోపే మీ అమ్మ లేచి, తన మాట వెనక్కి తీసుకుంది. నా వంక చూడలేదు కూడా. భయపడిందనుకున్నాను. సిల్వీ, ఐదేళ్లపాటు అలాగే అనుకున్నాను. అలా అనుకోవడం నాకు సుఖంగా ఉండేది.

రూబెన్ 1995లో పోయాడు. మరుసటి ఏడాది ఆయన ఆసుపత్రి కాగితాలన్నీ తెప్పించుకున్నాను. ప్రతి రిపోర్టు అడుగునా డాక్టరు పేరు పొడి అక్షరాలు పెద్దవిగా, టైపు చేసినవాళ్లవి చిన్నవిగా ఉంటాయి. పక్కన రెండు తేదీలు: డాక్టరు చెప్పిన రోజు, టైపు అయిన రోజు. మా సొంతవాళ్ల రిపోర్టు మేం టైపు చెయ్యకూడదు కాబట్టి రూబెన్‌ది వేరే ఎవరికో వెళ్లి ఉంటుందని తెలుసు. కానీ ఎవరికో ఎప్పుడూ ఆలోచించలేదు. కాన్సరని మొదటిసారి రాసిన ఆ కాగితం అడుగున మీ అమ్మ అక్షరాలున్నాయి. టైపు అయింది మార్చి పదమూడున. విచారణ మొదటి రోజు అదే. మధ్యాహ్నం విచారణ అయ్యాక కింద గదికొచ్చి, ఆ టేపు విని ఉంటుంది.

నాకూ రూబెన్‌కీ డాక్టరు చెప్పింది పదిహేనున. మీ అమ్మకి మాకన్నా రెండు రోజుల ముందే తెలుసు. నా ఉద్యోగం పోతే ఇన్సూరెన్సు పోతుందనీ, అది లేకపోతే రూబెన్‌కి వైద్యం లేదనీ తెలుసు. ఆ మాట నాతో కూడా అనడానికి వీల్లేదు. అందుకే ఏమీ అనకుండా లేచి నిలబడింది. రూబెన్ ఇంకో నాలుగేళ్లు బతికాడు. చేపలు పట్టాడు. పడవకి రంగు వేశాడు.

అది తెలిశాక కూడా పన్నెండేళ్లు నేను మీ అమ్మకి క్రిస్మస్ కార్డులే పంపాను. మీ అమ్మ కూడా నీ ఎత్తు, నీ మార్కులు రాసి పంపేది. ఇద్దరం ఆ సంగతి ఎత్తలేదు.

వెర్నా

*

మార్కెట్
6 ఏప్రిల్ 2009

శ్రీమతి హాపలా గారికి,

మీ ఉత్తరం అందింది.

ఫ్రీజరులో పేస్టీల కథ చెప్పి నన్ను నవ్వించారు. "అందరికీ నచ్చుతుంది" అన్నారు. అమ్మ ఊళ్లో నడుస్తుంటే హిల్మా లహ్తి రోడ్డు దాటి అవతలి పక్కకి వెళ్లిపోయేది. చలేసి ఎండలోకి వెళ్తోందనుకునేదాన్ని చిన్నప్పుడు. ఆ పద్దెనిమిదేళ్లూ ఎవరికి నచ్చాయి?

నా ఐదు పేజీలూ చింపేశాను. ఇప్పుడు నేనేం చెప్పాలో మీరే చెప్పండి. చీటీ మీరు పీకేశారని మాత్రం చెబితే, అమ్మ మాట ఎందుకు మార్చిందని అడుగుతారు. దానికి జవాబు మీ భర్త రిపోర్టు. ఒకరి రిపోర్టులో ఉన్నది అమ్మ బతికుండగా ఏనాడూ బయటపెట్టలేదు. ఆమె గోతి దగ్గర నిలబడి నేను బయటపెట్టనా? చెప్పకపోతే ఆ మోకాలు అమ్మ పేరు మీదే ఉండిపోతుంది. ఎటు చూసినా నేను అమ్మకి అన్యాయం చేస్తాను.

రూబెన్ గారి సంగతి చెప్పే హక్కు ఈ లోకంలో ఒక్కరికే ఉంది.

మే పదహారు, శనివారం, పదకొండు గంటలకి.

సిల్వి కొస్కెలా

*

డులూత్
17 ఏప్రిల్ 2009

సిల్వికి,

వస్తున్నాను.

మా వృద్ధాశ్రమం నర్సు "ఎనభయ్యేళ్లకి బస్సులో ఆరు గంటలా? మీకేమైనా పిచ్చా?" అని కాగితం మీద రాసి చూపించింది. కిందే "అవును" అని రాసిచ్చాను.

ముందు ఆర్విడ్‌కి ఉత్తరం రాద్దామనుకున్నాను, రాయలేదు. ఉత్తరమైతే ఆయన ఒక్కడే చదివి పొయ్యిలో వేసేస్తాడు, నన్ను కాపాడడానికి. ఆ మనిషి అలాంటివాడని నీ ఉత్తరం చదివితే తెలిసింది. ఒకళ్లు నన్ను కాపాడింది చాలు.

నువ్వు నన్ను తీసుకెళ్లడానికి రానక్కర్లేదు. నీ పక్కన నిలబడను కూడా. పాస్టరు గారు పిలిచినప్పుడు నువ్వు నా వైపు చెయ్యి ఊపు చాలు, నాకు వినపడదు కాబట్టి.

వెర్నా

*

కివీ హార్బర్
18 మే 2009

వెర్నా గారికి,

మీరు బస్సెక్కేటప్పుడు "వాళ్లేమన్నారో నాకు రాసి పంపు, ఒక్క ముక్క వదలకుండా" అన్నారు. విన్నది విన్నట్టే రాస్తున్నాను.

ముందుగా మీకు తెలియనిది: మీరు చాలా గట్టిగా మాట్లాడారు. మామూలుగా చెబుతున్నానని మీరనుకున్నారు కానీ, "ఆ చీటీ నేనే పీకేశాను" అన్నప్పుడు కింద రోడ్డు మీద కారు ఆపి ఎవరో తల బయటికి పెట్టి చూశారు. రూబెన్ గారి సంగతీ, టైపు తేదీ సంగతీ చెబుతున్నప్పుడు మాత్రం మీ గొంతు సన్నబడింది. అయినా అందరికీ వినిపించింది.

మీ వెనకాల నిలబడ్డ హిల్మా మధ్యలోనే, "చచ్చినవాళ్ల మీద ఏ కథైనా కట్టొచ్చు, ముసలావిడకి మతి పోయింది" అంది. ఆర్విడ్, "నోర్ముయ్యవే. పద్దెనిమిదేళ్లు నువ్వు మాట్లాడావు, ఇప్పుడు ఆవిణ్ణి మాట్లాడనీ" అన్నాడు.

తర్వాత పాస్టరు గారు నన్ను పిలిచారు. నా దగ్గర కాగితమేమీ లేదు. ఏం మాట్లాడానో మీకు వినపడలేదు కాబట్టి అదీ రాస్తున్నాను: "మా అమ్మ పేరు మార్లిస్. రోజంతా వేరేవాళ్ల మాటలు టైపు చేసేది. తన మాట ఒక్కటి కూడా ఆ కాగితాల్లో లేదు. నాకు జ్వరమొస్తే ఒక చెవితో పని చేసేది. ఇంకా చాలా ఉంది, ఇప్పుడు చెప్పలేను." అంతే. మంచి ఉపన్యాసం కాదు. మా ప్రొఫెసరు గారైతే సగం మార్కులు వేసేవారు.

మట్టి వేసేటప్పుడు ఆర్విడ్ మీ దగ్గరికొచ్చి చెయ్యి పట్టుకున్నాడు కదా. మీరు తల ఊపారు, కానీ విన్నారో లేదో తెలియదు. ఆయన అన్నది ఇది: "వెర్నా, నా మోకాలికి నువ్వొక్కదానివే బాధ్యురాలివి కాదు. ఆ డాక్టరుకి కళ్లున్నాయి, కాగితం చదవొచ్చు. నాకూ నోరుంది, మత్తిచ్చే ముందు ఏ కాలో చెప్పొచ్చు. కానీ ఆ పిల్ల తల్లికి మాత్రం నువ్వు చాలా బాకీ ఉన్నావు. అది నాకు తీర్చలేవు." ఈ చివరి మాటలు రాయాలా వద్దా అని ఆలోచించాను. ఒక్క ముక్క వదలొద్దన్నారు కాబట్టి రాశాను.

మిమ్మల్ని క్షమించానని ఈ ఉత్తరంలో ఎక్కడా లేదు, మీరు గమనించే ఉంటారు. నాకింకా తెలియదు. మీరు ఆరు గంటలు బస్సులో వచ్చారు. అమ్మ పద్దెనిమిదేళ్లు ఆ రోడ్డు మీద నడిచింది. రెండూ నా మనసులో పక్కపక్కనే ఉన్నాయి, ఏదీ రెండోదాన్ని చెరపడం లేదు. మీరు మాత్రం ఉత్తరాలు ఆపకండి. తిట్లు తిట్టే డాక్టరు లాంటి కథలు ఇంకా ఉండే ఉంటాయి.

ఇది రాస్తుంటేనే తలుపు చప్పుడైంది. అందుకే పై పేరాకీ దీనికీ మధ్య మూడు గంటల తేడా ఉంది.

హిల్మా. కొంగలా మెడ చాచి, మెట్ల మీదే నిలబడింది. లోపలికి రమ్మన్నా రాలేదు.

"నిన్న పొద్దున్నుంచీ నాకు అన్నం సయించడం లేదు" అంది.

నేను తలుపు ఇంకాస్త తెరిచి పట్టుకున్నాను.

"నేను మీ అమ్మని చూసి రోడ్డు దాటేదాన్ని. తెలుసా నీకు?"

"తెలుసు."

"వానలో కూడా దాటేదాన్ని. బురదలో దిగి మరీ. ఒకసారి పడ్డాను. మీ అమ్మే వచ్చి లేపబోయింది. 'ముట్టుకోకు' అన్నాను." ఆవిడ నా మొహం చూడకుండా గుమ్మం వైపు చూస్తోంది. "ఇప్పుడు ఎవరికి చెప్పుకోను? ఉన్న ఒక్క మనిషీ మట్టిలో ఉంది."

నాకు కోపం రావాలి. వచ్చింది కూడా. కానీ దాంతో పాటే ఇంకోటి వచ్చింది. ఈ ఊళ్లో మా అమ్మని రోజూ అంత శ్రద్ధగా చూసిన మనిషి ఇంకొకరు లేరు. దూరం నుంచి వస్తుంటే నడకని బట్టే గుర్తుపట్టి రోడ్డు దాటాలంటే ఎంత చూసి ఉండాలి!

"మా అమ్మ ఏ కోటు వేసుకునేది?" అని అడిగాను.

ఆలోచించకుండానే చెప్పింది: "ఆకుపచ్చది. ఎడమ జేబు చిరిగింది. చలికాలమంతా అదే. నువ్వు వేలు పట్టుకుంటే నీ పక్కకి ఒరిగి నడిచేది, నువ్వు పొట్టిదానివి కదా."

అది నాకు తెలియదు. నేను పక్కనుండేదాన్ని, నాకెలా కనిపిస్తుంది?

ఆవిడ చెప్పులు విప్పి లోపలికి వచ్చింది. బల్ల దగ్గర కూర్చుంది. నలుగురిలో అరిచే మనిషి చిన్నపిల్లలా అడిగింది:

"ఇంట్లో ఎలా ఉండేదే, మీ అమ్మ?"

చెప్పడం మొదలుపెట్టాను. చీకటి పడేలోపు నాకు ఐదేళ్లు వచ్చేదాకా చెప్పగలిగాను. మిగతాది వినడానికి గురువారం వస్తానని చెప్పి వెళ్లింది.

సిల్వి